పరిసరములు – వృద్ధుల మనశ్శాంతి

“భగవంతుడు లేని చోటు లేదని శాస్త్రము ఘోషించుచున్నది గదా స్వామీ! అట్లయినచో మనుష్యుడు తన కడపటి దినములను ఎచ్చట గడపిన నేమి? కోనసీమలోని పెంకుటింట నున్నను, ఈ మహానగరమున 14వ అంతస్తులో నున్నను, జపము జపమే, నామము నామమే గదా!”

కొంతకాలము క్రిందట, కలకత్తాను ఆనుకొని వెలసిన న్యూ టౌన్‌లో నివసించు ఒక తెలుగు భక్తుడు నన్ను ఈ ప్రశ్న నడిగెను. పైకి అది వేదాంతచర్చవలె నుండెను. కాని అడిగినవాని కంఠమున జిజ్ఞాసకంటె వేదన అధికముగా నుండెను.

అతడు కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. తండ్రి గతించిన పిమ్మట తల్లిని ఊర నొంటరిగా విడువజాలక తనకడకు తెచ్చుకొనెను. ఆమెకు వేఱుగా నొక గది కలదు. గదిలో దేవుని మందిరము, మందిరముచెంత స్వగ్రామమునుండి తెచ్చిన ఇత్తడి కుందులు. వైద్యుడు సమీపముననే యున్నాడు. కోడలు అత్తగారి మాటకు ఎదురు చెప్పునది కాదు. ఐనను ఆఱు మాసములనుండి ఆ తల్లికి ఆకలి తగ్గెను, నిద్ర చెదరెను, మాట క్షీణించెను. నలువది ఏండ్లుగా ఒక్కనాడైనను మానని విష్ణుసహస్రనామ పారాయణమును కూడ మానివేసెను. “అమ్మకు భక్తి సడలినదా స్వామీ? ఇన్నేండ్ల పూజ ఏమైనట్లు?” అని ఆ కుమారుడు దీనముగా నడిగెను.

నేను ఆ తల్లితో కొంతసేపు మాటలాడితిని. ఆమె వరండాలో కూర్చుండి క్రిందికి చూచుచుండెను. వెడల్పైన వీథులు, వరుసలు తీరిన మేడలు, దూరమున ఒక చెఱువు కనబడుచుండెను. చూచుటకు అంతయు రమ్యముగనే యున్నది. కాని ఆ ఎత్తునకు క్రిందినుండి మనుష్యుల మాట ఒక్కటియు వినరాదు. కొంత తడవునకు ఆమె మెల్లగా నిట్లనెను: “ఇక్కడ నాకు లోటేమీ లేదు స్వామీ. పిల్లలు బంగారం. కాని పొద్దున్న లేస్తే నాతో ఎవరికీ పని లేదు. మా ఊళ్లో గుడికి వెళ్లేలోగా నలుగురైనా ‘ఎక్కడికి పిన్నీ?’ అని అడిగేవారు. ఇక్కడ నన్ను ‘ఎక్కడికి’ అని అడిగేవాళ్లే లేరు.”

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. కుమారుని ప్రశ్నకు నాడు నేను చెప్పిన సమాధానము అసంపూర్ణము. ఆ కొఱతను కొంతవఱకైనను తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

న్యూ టౌన్ పురాతనమైన పట్టణము కాదు. కలకత్తాకు తూర్పుదిక్కున, సాల్ట్ లేక్‌కు ఆవల, ఉత్తర 24 పరగణాల జిల్లాయందు రాజార్‌హాట్ ప్రాంతమున వరిపొలములు, కూరగాయల మళ్లు, చేపల చెఱువులు ఉండెడివి. పశ్చిమబెంగాల్ ప్రభుత్వము 1999లో స్థాపించిన హిడ్కో అను సంస్థ ఆ భూములపై ఈ నగరమును నిర్మింప నారంభించినది. వీథులకు పూర్వము పటము పుట్టినది. జనులకు పూర్వము వీథులు పుట్టినవి. నగరమును ‘యాక్షన్ ఏరియా’ లని భాగించి, వానిని అక్షరముల పేళ్లుగల బ్లాకులుగా విభజించిరి. 2012లో 480 ఎకరముల విస్తీర్ణము గల ఎకో పార్కు, దాని నడుమ విశాలమైన సరస్సు ప్రజలకు లభించినవి. రవీంద్రతీర్థ, నజ్రుల్‌తీర్థ యను సాంస్కృతిక కేంద్రములు కలవు. వృద్ధులను విస్మరించిరని కూడ చెప్పజాలము. వారికొఱకు ‘స్వప్నో భోర్’ అను ఉద్యానమును, ‘స్నేహోదియా’ అను వసతిగృహమును ఏర్పరచిరి. ఇట్టి ఆలోచన మన దేశమున అనేక నగరములకు లేదు. కావున నేను చెప్పబోవునది ఆ నగరముపై నింద కాదు. నేడు హైదరాబాదు నాల్గుమూలల లేచుచున్న ఆకాశహర్మ్యములకును, విజయవాడ, విశాఖపట్టణముల క్రొత్త పేటలకును ఇది సమానముగా వర్తించును.

ప్రాత కలకత్తాలో ‘పాడా’ యను మాట కలదు. పేట యని దాని కర్థము చెప్పవచ్చును గాని, అర్థమంతయు అందులోనికి రాదు. ఒకరి పెండ్లి, ఒకరి చావు, ఒకరి పరీక్ష తమ యందఱివిగా నుండు నాలుగు సందుల కూటమి పాడా. ఆ యిండ్ల ముంగిట ‘రోయాక్’ అనబడు తిన్నె యుండును. మన తెలుగూళ్ల అరుగే అది. అరుగు ఇల్లు కాదు, వీథియు కాదు. దానిపై కూర్చున్న వృద్ధుడు ఎవరింటికిని పోనక్కఱ లేదు. ఎవరిని పిలువనక్కఱ లేదు. వీథియే ఆయనకడకు వచ్చును. తపాలావాడు ఆయనను అడిగియే ముందునకు పోవును. పిల్లలు ఆయన కేకకు వెఱచి గోడ దిగుదురు. పొరుగువారు తాళపుచెవి ఆయనచేతికిచ్చి పొలమునకు పోవుదురు. చూచువారికి ఆయన పనిలేక కూర్చున్నట్లుండును. నిజమునకు ఆయన ఆ వీథికి సాక్షి, కావలి, న్యాయాధిపతి.

పటమునందు ఉద్యానమును గీయవచ్చును. అరుగును గీయుట కష్టము. లిఫ్టులో నలుగురు కలిసి నిలుచున్నను, నలుగురి చూపులును అంతస్తుల అంకెలమీదనే యుండును. ఉద్యానము ఉన్నమాట నిజమే. కాని డెబ్బదియైదేండ్ల మోకాళ్లకు ఆ యుద్యానమునకు ముందు ఆఱు వరుసల రహదారి కలదు. దీపము ఎఱ్ఱబాఱులోగా దాటగలనో లేనో యను సందేహము కలదు. దారిలో నీడగాని, కూర్చుండుటకు ఒక బల్లగాని లేకున్న, పడుదునేమో యను భయము కలదు. పడుదునను భయము క్రమముగా బయలుదేఱుటకే భయమగును. బయలుదేఱనివానికి మనుష్యులు కనబడరు. మనుష్యులు కనబడనివానికి మాట యుండదు. మాట లేనివాని మనస్సు తనలో తాను తిరుగుచు, గడచిన దుఃఖములనే నెమరువేయును. దీనికి తోడు ఆ వీథి భాష తెలియనిచో, కూరగాయల బేరము కూడ ఒక పరీక్ష యగును. ఇందులో ఏ యొక్కటియు గొప్ప కష్టము కాదు. కాని అన్నియు కలిసి ఒక మనిషిని లోపలినుండి తినివేయగలవు.

ఆధునిక పరిశోధకులును దీనిని గుర్తించియున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున అలమేడా అను జిల్లాయందు సుమారు ఏడువేలమంది స్త్రీపురుషులను 1965నుండి తొమ్మిదేండ్లు గమనించి, బెర్క్‌మన్, సైమ్ అను ఇరువురు పండితులు 1979లో తమ ఫలితములను ప్రకటించిరి. బంధుమిత్రుల సంబంధములు, సంఘములతో పొత్తు కొఱవడినవారు, అవి గలవారికంటె అధికముగా మరణించిరని వారు కనుగొనిరి. ధూమపానాదులను లెక్కకు తీసికొన్న పిమ్మటను ఆ భేదము నిలిచెను. 1984లో ఉల్రిక్ అను శాస్త్రజ్ఞుడు, పెన్సిల్వేనియాలోని ఒక వైద్యశాలయందు శస్త్రచికిత్స పొందినవారిని పోల్చిచూచెను. కిటికీనుండి చెట్లు కనబడిన రోగులు, ఇటుకగోడ మాత్రము కనబడిన రోగులకంటె ముందుగా ఇల్లు చేరిరి. నొప్పికి తీవ్రమైన మందులు వారికి తక్కువగా కావలసివచ్చెను. 2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, 33 నగరముల వృద్ధుల నడిగి తెలిసికొని, వృద్ధులకు అనుకూలమైన నగర మెట్లుండవలెనో వివరించు గ్రంథమును వెలువరించెను. అందు వైద్యసేవలతో పాటు వీథులు, వాహనములు, గృహములు, నలుగురితో కలయిక, గౌరవము కూడ పేర్కొనబడినవి. 2011 జనాభాలెక్కలనాటికే మన దేశమున అఱువదియేండ్లు నిండినవారు పదికోట్లు దాటిరి. కావున ఇది ఏ యొక్క యింటి సమస్యయో కాదు.

కాని పాఠకుడిట్లు ప్రశ్నింపవచ్చును: “ఇవి లౌకికుల మాటలు. వేదాంతి యేమనును? మనస్సు పరిసరములకు లొంగుట దౌర్బల్యము కాదా?” ఈ ప్రశ్నకు శాస్త్రమునందే ప్రత్యుత్తరము వెదకుదము.

ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయమున శ్వేతకేతువు వృత్తాంతము కలదు. తండ్రియగు ఉద్దాలకుడు అతనిని పదునైదు దినములు ఆహారము మాని నీరు మాత్రము త్రాగుచుండుమనెను. పదునాఱవనాడు వేదము చెప్పుమనగా, పండ్రెండేండ్లు గురుకులమున చదివిన ఆ కుమారునికి ఒక్క మంత్రమును తోచలేదు. అప్పుడు తండ్రి యేమి చేసెను? నీ శ్రద్ధ సడలినదని నిందించెనా? లేదు. పోయి భుజించి రమ్మనెను. భుజించి వచ్చిన పిమ్మట అడిగిన దంతయు అతనికి జ్ఞప్తికి వచ్చెను. చదువు నశింపలేదు, దానిని మోయు మనస్సునకు ఆహారము లేకపోయెను, అంతియే.

అయితే మనస్సునకు ఆహారము అన్నము మాత్రమేనా? ఆ యుపనిషత్తే ఏడవ అధ్యాయపు తుదను, ఆహారము శుద్ధమైన అంతఃకరణము శుద్ధమగునని బోధించుచున్నది. అచ్చటి ఆహారశబ్దమునకు శ్రీశంకరులు విశాలమైన అర్థము చెప్పిరి. ఇంద్రియములద్వారా లోనికి గ్రహింపబడు శబ్దాది విషయములన్నియు ఆహారమే యని వారి తాత్పర్యము. ఈ యర్థమును గ్రహించినచో, కన్ను చూచునది, చెవి వినునది, పలుకరించువారి మాట, గుడిగంట, వేపచెట్టు నీడ, ‘ఎక్కడికి పిన్నీ’ యను ప్రశ్న, ఇవన్నియు మనస్సునకు అన్నమే యని తేలుచున్నది. ఆ తల్లి ఆఱుమాసములుగా ఈ యన్నము లేక పస్తున్నది. ఆమెకు సహస్రనామము తోచకపోవుటలో ఆశ్చర్యమేమి? శ్వేతకేతువునకు వేదము తోచనట్లే ఆమెకు నామము తోచలేదు. భక్తి ఎచ్చటికిని పోలేదు.

స్థలమును గూర్చియు శాస్త్రము ఉపేక్షగా లేదు. శ్వేతాశ్వతరోపనిషత్తు ధ్యానమునకు సమతలమై, శుచియై, గులకఱాళ్లు, నిప్పు లేనిదై, మనస్సునకు అనుకూలమైన తావును ఎంచుకొమ్మని చెప్పుచున్నది. గీతాచార్యుడును ఆఱవ అధ్యాయమున శుచియైన దేశమున ఆసనము నేర్పరచుకొమ్మనెను. ఇంకొకవైపున బ్రహ్మసూత్రములలో నాల్గవ అధ్యాయము, మొదటి పాదము, పదునొకండవ సూత్రము, ఏకాగ్రత ఎచ్చట కుదురునో అచ్చటనే ఉపాసింపవచ్చును, దేశవిశేషమున నియమము లేదని నిర్ణయించుచున్నది. ఈ రెండును విరుద్ధములుగా తోచును. శ్రీశంకరులు భాష్యమున ఈ శంకను తామే యెత్తి, స్థలవర్ణనమునందలి వివరములు తప్పనిసరి కావని ఆచార్యుడు మిత్రునివలె చెప్పుచున్నాడని సమాధానమిచ్చిరి. మనస్సునకు అనుకూలమైన చోటు అని శ్రుతి పలికిన మాటయే ఏకాగ్రత కుదిరిన చోటును సూచించునని కూడ చూపిరి.

ఇందు మనము గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. స్థలనియమము లేదని చెప్పినది ఎవనితో? తన మనస్సును తాను కూర్చుకొనదలచిన సాధకునితో. ‘నీకు ఎచ్చట కుదిరిన అచ్చట కూర్చుండుము’ అని అతనికి స్వాతంత్ర్యమిచ్చుటకే ఆ సూత్రము. ఒకరిని వారికి కుదురని చోట కూర్చుండబెట్టి, ‘దేశనియమము లేదు గదా’ యని వారి నోరు మూయుటకు అది ఏర్పడలేదు. వైరాగ్యము స్వీకరింపదగినదే గాని విధింపదగినది కాదు. నేను కటికనేల పరుండుట తపస్సు. నా తల్లిని కటికనేల పరుండబెట్టి ‘దేహము మిథ్య’ యనుట క్రౌర్యము. మాట ఒక్కటే, పలుకువానిని, వినువానిని బట్టి ధర్మము అధర్మముగా మాఱును. సర్వవ్యాపిత్వసిద్ధాంతమును మన కష్టములకు ఔషధముగా వాడుకొనవలెను. పరుల కష్టములకు జవాబుగా వాడరాదు.

దీనికి దక్షిణేశ్వరమునకంటె మంచి నిదర్శనము లేదు. న్యూ టౌన్‌నుండి ఆ క్షేత్రము ఎంతయో దూరము కాదు. శ్రీరామకృష్ణుల తల్లియగు చంద్రమణీదేవి కామార్పుకుర్ గ్రామమును విడిచి, కుమారుని సన్నిధిని గంగాతీరమున తన చివరి సంవత్సరములు గడపెను. ఆమె కూడ ఊరు మారిన వృద్ధురాలే. మొదట కాళికాలయపు తోటలోని ‘కుఠి’ యను భవనమున నుండెను. మనుమడు అక్షయుడు అచ్చట మరణించిన పిమ్మట, ఆమె ఆ యింట నుండజాలనని, గంగ కనబడు నహబత్తులో నుందునని చెప్పెను. ‘ఆత్మకు మరణము లేదు, ఇంటికి దోషమేమి’ యని ఆమెకు ఎవరును ఉపన్యసింపలేదు. ఆమె కోరిన తావు ఆమెకు లభించెను. మథురానాథుడు ఏమైనను కోరుకొమ్మని ఎంత బలవంతపెట్టినను, ఆమె తుదకు కోరినది దంతములు తోముకొనుటకు ఒక అణా పొగాకు మాత్రమే. వస్తువులలో ఆమెకు ఆసక్తి లేదు. కాని ఏ గోడల నడుమ తెల్లవాఱవలెను, కన్ను తెఱచిన ఏమి కనబడవలెను అనునది ఆమెకు ముఖ్యమే.

ఆమెను గూర్చిన మఱియొక వృత్తాంతము ప్రసిద్ధము. సమీపమున ఆలంబజారు జనపనార మిల్లు మధ్యాహ్నవేళ ఈల వేసెడిది. వార్ధక్యముచే బుద్ధి శిశుప్రాయమైన ఆ తల్లి దానిని వైకుంఠమున లక్ష్మీనారాయణులకు నైవేద్యమగునప్పటి శంఖధ్వనిగా భావించి, అది వినబడిన పిమ్మటనే భుజించెడిది. మిల్లునకు సెలవైన దినమున ఈల లేదు. ఆమె భోజనమునకు లేవదు. నాడు ఆమెచే అన్నము తినిపించుటకు హృదయుడు మొదలగువారు ఎంతయో బ్రతిమాలవలసివచ్చెడిది. యంత్రపు ఈలలో వైకుంఠశంఖము వినగలిగిన ఆ మనస్సు ఎంత ధన్యము! ఐనను ఆ మనస్సునకు కూడ ఒక ఈల కావలసివచ్చెను. ప్రతిదినము ఒక్కవేళకు వచ్చు ఒక ధ్వని, దానికి తాను చెప్పుకొన్న అర్థమును చూచి నవ్వక బ్రతిమాలు మనుష్యులు, ఈ రెండును ఆమెకు పరిసరములందే లభించినవి.

మఱి శ్రీరామకృష్ణులకు స్థలభేదము కలదా? సర్వము బ్రహ్మమయముగా దర్శించిన మహనీయునికి ఎచ్చటనైన ఒక్కటియే. 1868లో తీర్థయాత్రకు పోయినప్పుడు, బృందావనమున గంగామాత యను వృద్ధసాధ్వి వారిని అచ్చటనే యుండుమని ప్రేమతో నిర్బంధించెను. వారికిని ఉండవలెనని తోచెను. కాని దక్షిణేశ్వరమున ఒంటరిగా నున్న ముదుసలి తల్లి జ్ఞప్తికి వచ్చి వారు మరలి వచ్చిరి. తమకు బృందావనమైనను ఒక్కటియే, దక్షిణేశ్వరమైనను ఒక్కటియే. తల్లికి మాత్రము ఒక్కటి కాదని వారెఱుగుదురు. అట్లే ఆ నహబత్తు క్రిందిగదిలో శ్రీశారదాదేవి అత్తగారిని సేవించుచు, బయటికి రాక సంవత్సరములు గడపుచుండగా, ఒక్క గదిలో అట్లు బంధింపబడి యుండుట ఆరోగ్యమునకు హానియని యెంచి, పొరుగు స్త్రీలను కలిసికొని వచ్చుచుండుమని శ్రీరామకృష్ణులు హితవు చెప్పిరి. మధ్యాహ్నము తోట నిర్జనమైనప్పుడు ఆమె ఆ విధముగా పోయివచ్చెడివారు. జపధ్యానములలో ఆమెకు సమానులెవరు? ఆమెకే పొరుగు అవసరమని తోచినప్పుడు, మన తల్లులకు అక్కఱ లేదని మనమెట్లు చెప్పగలము?

ఇచ్చట రెండు విషయములలో జాగరూకత అవసరము. మొదటిది: వృద్ధుల మౌనమునంతయు వైరాగ్యమని భ్రమింపరాదు. వైరాగ్యము కలిగిన మనస్సు తేలికపడును, ముఖము ప్రసన్నమగును, ఇతరుల సుఖదుఃఖములు దానికి మఱింత స్పష్టముగా కనబడును. ఆకలినిద్రలు పోయి, ఇష్టమైన దానియందును రుచి నశించి, బ్రతుకు భారమని తోచుచున్న స్థితి వైరాగ్యము కాదు, వ్యాధి. దానికి వైద్యుడు కలడు, చికిత్స కలదు. జ్వరమునకు మందు వాడినట్లే సంకోచములేక వాడవలెను. రెండవది: ప్రతి కుమారుడును ఉద్యోగము విడిచి స్వగ్రామమునకు పోవలెనని నేను చెప్పుట లేదు. ఆ భక్తుడు దోషి కాడు. తల్లిని ఊర విడిచియుండిన లోకము అతనిని నిందించియుండును. తెచ్చుకొన్నందున తానే తన్ను నిందించుకొనుచున్నాడు. అతడు చేయవలసినది స్థలమును మార్చుట కాకపోవచ్చును. ఉన్న స్థలమున తల్లికి ఒక వీథిని కల్పించుట.

అది యెట్లు? అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు వృద్ధాశ్రమ మొకదానిలో లాంగర్, రోడిన్ అను విదుషీమణులు ఒక పరీక్ష చేసి, 1976లో ప్రకటించిరి. ఒక అంతస్తులోని వృద్ధులకు ‘మీ దినచర్య మీ యిష్టము’ అని చెప్పి, తలకొక చిన్న మొక్కనిచ్చి, దానిని పోషించు భారము వారికే యొప్పగించిరి. మఱియొక అంతస్తువారికి ‘మీ సంరక్షణ మాది’ యని చెప్పి, మొక్కలకు సేవకులే నీరు పోయునట్లు చేసిరి. మూడు వారములకే మొదటివారు రెండవవారికంటె చుఱుకుగాను, ఉత్సాహముగాను కనబడిరి. ఇందులో నీతి స్పష్టము. సేవ పొందుట వృద్ధులకు చాలదు. సేవ చేయు అవకాశమును వారికి కావలెను. ‘నాతో ఎవరికీ పని లేదు’ అని ఆ తల్లి పలికిన మాటకు ఇదియే భాష్యము. మనము ప్రేమతోనే వారి చేతులనుండి ఒక్కొక్క పనిని తీసివేయుచు, తుదకు వారిని పూజామందిరమందలి విగ్రహములవలె కూర్చుండబెట్టుచున్నాము. విగ్రహమునకైనను నిత్యము నలుగురు వచ్చి తమ కోరికలు చెప్పుకొందురు!

వృద్ధులకును ఒక కర్తవ్యము కలదు. మన పూర్వులు వానప్రస్థమును విధించినప్పుడు ఇల్లు విడిచి క్రొత్తచోటును తమదిగా చేసికొనుటను వార్ధక్యపు సాధనగా నియమించిరి. అడవికి పోయినవాడు అచ్చటి మృగపక్షులకు ఆశ్రయమయ్యెను, అతిథులను పూజించెను. పోయిన ఊరినే తలచుచు కూర్చున్నవాడు రెండు ఊళ్లను కోల్పోవును. క్రొత్తచోట ఒక పిల్లవానికి ఒక కథ చెప్పినను, ఒక మొక్కకు నీరు పోసినను, ఆ చోటు కొంత తనదగును. మనకు లభించిన చోటు మనది కాదు. మనము ఇచ్చిన చోటే మనది. కాని ఇచ్చుటకు ఎదుట పుచ్చుకొనువాడుండవలెను గదా! ఆ పుచ్చుకొనువానిని చూపుట పిల్లల బాధ్యత, పొరుగువారి బాధ్యత, నగరము నిర్మించువారి బాధ్యత. దారిలో ఒక నీడ, నీడలో ఒక బల్ల, మేడ మెట్లచెంత నలుగురు కూర్చుండు తిన్నె, ఇవి అల్పవ్యయముతో సాధ్యములు. న్యూ టౌన్‌లో శ్రీరామకృష్ణ మిషన్‌వారి ‘వివేకతీర్థ’ వంటి కేంద్రములు కలవు; అట్టి తావులకు వృద్ధులను శ్రోతలుగా మాత్రమే గాక సేవకులుగా కూడ కొనిపోవుట మేలు.

ఇంకొకరిని గూర్చి చెప్పక ఈ వ్యాసమును ముగించుట న్యాయము కాదు. ఊరు విడిచి నగరమునకు వచ్చిన వృద్ధులను గూర్చియే ఇంతవఱకు చెప్పితిని. ఊరు విడువకుండగనే, తమ చుట్టు నగరము పెరుగగా పరదేశులైన వృద్ధులును రాజార్‌హాట్‌లో కలరు. వారి పొలములు వీథులైనవి; వారి చెఱువులు మేడలైనవి. కొన్ని ప్రాతగ్రామములు నేటికిని క్రొత్త మేడల నడుమ మిగిలియున్నవి. శ్రీశైలం జలాశయమున మునుగనున్న కూడలి సంగమేశ్వరాలయమును మన శిల్పులు రాయి రాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. దేవాలయమునకు ఆ భాగ్యము కలిగెను. మనుష్యుని జ్ఞాపకములను అట్లు విప్పి వేఱొకచోట పేర్చు శిల్పి లేడు. ఒక తరమునకు సుఖనివాసము కల్పించునప్పుడు, మఱియొక తరమువారి అరుగు ఏమైనదో అడిగి తెలిసికొనుట ధర్మము.

కొన్ని మాసములకు పిమ్మట నేను మరల ఆ భక్తుని యింటికి పోయితిని. వైద్యుడు ఇచ్చిన మందు నియమముగా నడచుచుండెను. దానితోపాటు మఱియొక మార్పును చూచితిని. కోడలు ఇంటి కూరగాయలు కొనిపెట్టు భారమును అత్తగారికి ఒప్పగించినదట. ప్రహరీద్వారము వెలుపల చెట్టుక్రింద ప్రాతగ్రామమునకు చెందిన ఒక ముదుసలి తట్టలో తోటకూర, పొట్లకాయలు పెట్టుకొని కూర్చుండును. ఆమెకు తెలుగు రాదు. ఈమెకు బెంగాలీ రాదు. మొదటి దినములలో వ్రేళ్లతో బేరము సాగినదట. క్రమముగా బేరము ముగిసిన పిమ్మటను ఈమె అచ్చటనే ఒక ఇటుకపై కొంతసేపు కూర్చుండుట అలవాటైనది.

“మొన్న జ్వరం వచ్చి రెండు రోజులు దిగలేదు స్వామీ,” అని ఆ తల్లి నాతో చెప్పెను. “మూడోనాడు వెళ్తే ఆవిడ గట్టిగా కోప్పడింది. ‘కోథాయ్ ఛిలే దీదీ?’ అంది. అబ్బాయిని అడిగితే, ‘ఎక్కడున్నావు అక్కా?’ అని అర్థమట.” ఇట్లు చెప్పుచు ఆమె నవ్వెను. గదిలో ఇత్తడి కుందులలో దీపము వెలుగుచుండెను; ప్రక్కన సహస్రనామపు పుస్తకము తెఱచియుండెను.

పొలము పోయిన ఒక ముదుసలి, ఊరు పోయిన మఱియొక ముదుసలిని నీ వెచ్చట నుంటివని అడిగినది. మన వీథిలో, మన మేడలో, ఈ ప్రశ్నకొఱకు ఎదురుచూచుచున్నవారు ఎందఱో కలరు. సర్వవ్యాపియగు భగవంతుడు వారిని మన నోటితో పలుకరించుగాక!